లినక్స్ ల్యాప్‌టాప్‌లో వైఫై రావడం లేదా? లోపం ఏ పొరలో ఉందో కనిపెట్టి సరిచేసే విధానం

ఉబుంటునో, లినక్స్ మింట్‌నో, డెబియన్‌నో ల్యాప్‌టాప్‌లో ఎక్కించాక తెర, శబ్దం, కీబోర్డు, టచ్‌ప్యాడ్ అన్నీ సవ్యంగా పనిచేస్తూ వైఫై ఒక్కటే రాకపోవడం చాలామందికి ఎదురయ్యే ఇబ్బంది. అప్పుడు ఎక్కువమంది చేసే పని ఏమిటంటే, ఎవరో ఎప్పుడో వేరే యంత్రం కోసం రాసిన ఆదేశాలను వెతికి తెచ్చి, అర్థం తెలియకుండానే ఒకదాని తర్వాత ఒకటి టైపు చేయడం. దానివల్ల అసలు లోపం అలాగే ఉండిపోతుంది, కొత్తవి రెండు వచ్చి చేరతాయి. నేను చూసినంతలో, కంప్యూటర్‌ను సరైన ప్రశ్న అడిగితే లోపం ఎక్కడుందో అదే చెబుతుంది. ఆ ప్రశ్నలు ఏ వరసలో అడగాలో, వచ్చిన జవాబును బట్టి ఏం చేయాలో ఇక్కడ వివరిస్తాను.

ముందుగా ఒక విషయం మనసులో ఉంచుకోండి. ల్యాప్‌టాప్‌లో వైఫై పనిచేయాలంటే నాలుగు పొరలు కుదరాలి. అడుగున ఉండేది రేడియో కార్డు, అంటే మదర్‌బోర్డు మీద బిగించిన చిన్న చిప్పు పలక. దాని మీద డ్రైవర్, అంటే లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌లో ఉండి ఆ కార్డును నడిపే ప్రోగ్రామ్. మూడోది ఫర్మ్‌వేర్, అంటే కంప్యూటర్ ఆన్ అయిన ప్రతిసారీ డ్రైవర్ ఆ కార్డులోకి పంపే చిన్న ప్రోగ్రామ్. అన్నిటికీ పైన, నెట్‌వర్కుల పేర్లు చూపించి పాస్‌వర్డు అడిగే నెట్‌వర్క్‌మేనేజర్. పై పొరలో పాస్‌వర్డు ఎన్నిసార్లు మార్చి చూసినా, కింది పొరలో ఫర్మ్‌వేర్ లేకపోతే ఫలితం ఉండదు. అందుకే కింది నుంచి పైకి వెళ్లాలి.

ఆదేశాల గురించి ఒక మాట. ఇక్కడ వాటిని పలికే తీరులో తెలుగు లిపిలో ఇస్తున్నాను. మీరు టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే కిటికీలో, ఇంగ్లీషు చిన్న అక్షరాలతో టైపు చేసి ఎంటర్ నొక్కాలి. ‘ఎల్.ఎస్.పి.సి.ఐ’ అన్నట్టు మధ్యలో చుక్కలుంటే ఆ అక్షరాలను విడివిడిగా చదువుకోవాలని అర్థం, చుక్కలను టైపు చేయకూడదు. అడ్డగీతలు, ఏటవాలు గీతలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే టైపు చేయాలి. ‘సుడో’ అంటే ఎస్, యు, డి, ఓ. అది ముందున్న ఆదేశం మీ లాగిన్ పాస్‌వర్డు అడుగుతుంది. టైపు చేస్తున్నప్పుడు తెర మీద ఏమీ కదలదు, కంగారు పడవద్దు.

మొదటి పని: ఫోన్ ద్వారా తాత్కాలికంగా ఇంటర్నెట్ తెచ్చుకోవడం

వైఫై బాగుచేయడానికి కావలసిన ఫైళ్లు ఇంటర్నెట్‌లో ఉంటాయి, ఇంటర్నెట్‌కు వెళ్లాలంటే వైఫై కావాలి. ఈ చిక్కుముడిని విప్పే అతి సులువైన సాధనం మీ జేబులోని ఆండ్రాయిడ్ ఫోన్. ఛార్జింగ్ కేబుల్‌తో ఫోన్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్, టెథరింగ్ అని ఉన్నచోటకు వెళ్లి, యూఎస్‌బీ టెథరింగ్‌ను ఆన్ చేయండి. లినక్స్ కెర్నల్ దాన్ని మామూలు తీగ కనెక్షన్‌లా గుర్తిస్తుంది కనుక విడిగా డ్రైవర్ అక్కరలేదు. కొన్ని సెకన్లలో తెర మూలన తీగ కనెక్షన్ గుర్తు వస్తుంది. రాకపోతే ముందుగా కేబుల్‌నే అనుమానించండి. కొన్ని చవక కేబుళ్లలో ఛార్జింగ్ తీగలు మాత్రమే ఉంటాయి, డేటా తీగలు ఉండవు.

ఇంట్లో రౌటర్ ఉండి ఫోన్ ఆ వైఫైకి కలిసి ఉంటే, టెథరింగ్ ద్వారా ల్యాప్‌టాప్‌కు వచ్చేది ఆ వైఫై ఇంటర్నెట్టే, మీ మొబైల్ డేటా ఖర్చు కాదు. ఇది చిన్న విషయంగా తోచవచ్చు కానీ, ఉబుంటులోని ‘లినక్స్-ఫర్మ్‌వేర్’ ప్యాకేజీ ఒక్కటే కొన్ని వందల మెగాబైట్లు ఉంటుంది. రోజువారీ డేటా ప్యాక్ మీద ఆధారపడేవారికి ఆ రోజు డేటాలో అది పెద్ద భాగమే. రౌటర్ దగ్గరే కూర్చోగలిగితే ఈథర్‌నెట్ కేబుల్ కూడా అంతే చక్కగా పనికొస్తుంది.

ఇంటర్నెట్ రాగానే ‘సుడో ఎ.పి.టి అప్‌డేట్’, ఆ తర్వాత ‘సుడో ఎ.పి.టి అప్‌గ్రేడ్’ నడిపి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి చూడండి. కొత్త కెర్నల్, కొత్త ఫర్మ్‌వేర్ రావడంతోనే వైఫై వచ్చేసే సందర్భాలు తక్కువేమీ కాదు. వస్తే ఇక్కడితో ఆగిపోవచ్చు.

రెండో పని: రేడియోకు తాళం పడిందేమో చూడటం

టెర్మినల్ తెరిచి ‘ఆర్.ఎఫ్.కిల్ లిస్ట్’ అని టైపు చేయండి. వైర్‌లెస్ లాన్ అన్న వరస కింద రెండు పంక్తులు కనిపిస్తాయి. ఒకటి సాఫ్ట్ బ్లాక్డ్, రెండోది హార్డ్ బ్లాక్డ్. రెంటికీ ఎదురుగా ‘నో’ అని ఉంటే ఈ మెట్టు దాటేయండి.

సాఫ్ట్ బ్లాక్డ్ ఎదురుగా ‘యెస్’ ఉంటే, సాఫ్ట్‌వేర్ రేడియోను ఆపిందని అర్థం. పొరపాటున ఏరోప్లేన్ మోడ్ మీట నొక్కుకున్నా ఇలా అవుతుంది. ‘సుడో ఆర్.ఎఫ్.కిల్ అన్‌బ్లాక్ వైఫై’ అంటే తాళం తెరుచుకుంటుంది. హార్డ్ బ్లాక్డ్ ఎదురుగా ‘యెస్’ ఉంటే ఏ ఆదేశమూ దాన్ని నేరుగా తెరవలేదు. పాత ల్యాప్‌టాప్‌లలో పక్కనో, ముందు అంచునో చిన్న జారుడు స్విచ్ ఉండేది, దాన్ని వెతకండి. అలాంటి స్విచ్ లేకపోతే ఎఫ్.ఎన్ మీటతో పాటు, పై వరసలో యాంటెనా బొమ్మో విమానం బొమ్మో ఉన్న మీటను నొక్కండి. బయోస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే అన్నిటికన్నా ముందు నడిచే అమరికల తెరలో, వైర్‌లెస్‌ను ఆపేసి ఉన్నారేమో కూడా చూడండి.

ఇవన్నీ చూశాక కూడా తాళం తెరుచుకోకపోతే రెండు కారణాలు మిగులుతాయి. కొన్ని లెనోవో ఐడియాప్యాడ్ నమూనాల్లో స్విచ్ అనేదే లేకపోయినా, పాత కెర్నళ్లలోని ‘ఐడియాప్యాడ్_ల్యాప్‌టాప్’ అనే మాడ్యూల్ (కెర్నల్‌లోకి విడిగా ఎక్కించగల, తీసేయగల భాగం) స్విచ్ ఉందని భావించి అది ఆఫ్‌లో ఉందని చెప్పేది. ‘సుడో మాడ్‌ప్రోబ్ -ఆర్ ఐడియాప్యాడ్_ల్యాప్‌టాప్’ అని ఆ మాడ్యూల్‌ను తాత్కాలికంగా తీసేసి మళ్లీ జాబితా చూడండి. పేరు మధ్యలో ఉన్నది కింది గీత. రెండోది, విండోస్‌తో కలిపి డ్యూయల్ బూట్ పెట్టుకున్నవారికి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అన్న వెసులుబాటు ఉన్నప్పుడు షట్‌డౌన్ చేసినా యంత్రం పూర్తిగా ఆగదు. వైఫై కార్డు సగం నిద్రలో ఉండిపోయి లినక్స్‌కు అందకపోవచ్చు. విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్‌ను తీసేసి, పూర్తిగా ఆపి, ఛార్జర్ తీసి, పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి ఉంచి, తర్వాత లినక్స్‌లోకి వెళ్లండి.

మూడో పని: మీ కార్డు ఏదో తెలుసుకోవడం

ఈ మార్గదర్శిలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. ల్యాప్‌టాప్ మోడల్ పేరుతో పరిష్కారం వెతకడం వృథా. ఒకే మోడల్ పేరుతో అమ్మిన ల్యాప్‌టాప్‌లలో వేర్వేరు కంపెనీల వైఫై కార్డులు ఉండటం మామూలే, కనుక మీ స్నేహితుడి ల్యాప్‌టాప్‌లో పనిచేసిన ఉపాయం, అదే మోడల్ అయినా, మీ దాంట్లో పనిచేయకపోవచ్చు. వెతకవలసింది కార్డు సంఖ్యతో.

‘ఎల్.ఎస్.పి.సి.ఐ -ఎన్.ఎన్.కె’ అని టైపు చేయండి. పొడవైన జాబితా వస్తుంది. అందులో నెట్‌వర్క్ కంట్రోలర్ అని ఉన్న పంక్తిని పట్టుకోండి. ఈథర్‌నెట్ కంట్రోలర్ అని ఉన్నది సాధారణంగా తీగ కనెక్షన్‌ది, దాన్ని వదిలేయండి. ఆ పంక్తి చివర చదరపు కుండలీకరణాల్లో నాలుగు అంకెలు, కోలన్ గుర్తు, మళ్లీ నాలుగు అంకెలు ఉంటాయి. అంకెల మధ్య ఇంగ్లీషు అక్షరాలు కూడా ఉండవచ్చు. మొదటి నాలుగూ తయారీదారు సంఖ్య. 8086 ఇంటెల్, 14ఇ4 బ్రాడ్‌కామ్, 10ఇసి రియల్‌టెక్, 168సి అథెరోస్, 17సిబి క్వాల్‌కామ్, 14సి3 మీడియాటెక్. తర్వాతి నాలుగూ ఆ చిప్పు సంఖ్య. ఈ ఎనిమిదింటినీ కాగితం మీద రాసి పెట్టుకోండి.

అదే పంక్తి కింద ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అన్న మాట ఉందేమో చూడండి. ఉంటే డ్రైవర్ దొరికింది, లోపం ఫర్మ్‌వేర్‌లోనో అంతకన్నా పైనో ఉంది. లేకపోతే డ్రైవర్ లేదు, లేదా ఉన్నా దాన్ని ఎక్కించనివ్వలేదు. నెట్‌వర్క్ కంట్రోలర్ పంక్తే లేకపోతే కార్డు బయోస్‌లో ఆగి ఉండవచ్చు, సాకెట్‌లో వదులై ఉండవచ్చు, చెడిపోయి ఉండవచ్చు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ల్యాప్‌టాప్ అయితే అసలు కార్డునే తీసేసి ఉండవచ్చు. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లాంటి చోట్ల పాత ఆఫీసు ల్యాప్‌టాప్ కొనుక్కునే విద్యార్థులకు నేను చెప్పేది ఒకటే: డబ్బులు కట్టకముందే లినక్స్ పెన్‌డ్రైవ్‌తో లైవ్‌గా బూట్ చేసి, ఈ ఒక్క ఆదేశం నడిపి, కార్డు ఉందో లేదో, ఏదో చూసుకోండి.

యూఎస్‌బీ రంధ్రంలో పెట్టే చిన్న వైఫై డాంగిల్ అయితే ఆదేశం ‘ఎల్.ఎస్.యు.ఎస్.బి’. కొన్ని చవక డాంగిళ్లు పెట్టగానే వైఫై పరికరంలా కాకుండా, విండోస్ డ్రైవర్ ఉన్న చిన్న డిస్కులా కనిపిస్తాయి. ఫైళ్ల కిటికీలో ఆ డిస్కు కనిపిస్తే ఎజెక్ట్ నొక్కండి. చాలాసార్లు ఆ ఒక్క పనితోనే డాంగిల్ అసలు రూపానికి వచ్చేస్తుంది. ప్రతిసారీ ఆ పని తనంతట తాను జరగాలంటే ‘యు.ఎస్.బి-మోడ్‌స్విచ్’ ప్యాకేజీని ఎక్కించుకోండి.

నాలుగో పని: ఫర్మ్‌వేర్

‘సుడో డి.ఎమ్.ఇ.ఎస్.జి’ అని టైపు చేస్తే కెర్నల్ బూట్ అయినప్పటి నుంచి చెప్పుకున్న మాటలన్నీ వస్తాయి. టెర్మినల్‌లోని వెతుకు పెట్టెలో ఫర్మ్‌వేర్ అన్న ఇంగ్లీషు మాటను వెతకండి. మీ డ్రైవర్ పేరు పక్కన ఫలానా ఫైలును ఎక్కించలేకపోయాను, లోపం -2 అని ఉంటే, ఆ ఫైలు మీ యంత్రంలో లేదని అర్థం. ఏ ఫైలు కావాలో పేరుతో సహా ఆ పంక్తిలోనే ఉంటుంది. ఇంత స్పష్టంగా చెప్పే యంత్రాన్ని వదిలేసి ఊహల మీద మందు వేయడం ఎందుకు?

ఫర్మ్‌వేర్ ఎందుకు లేదన్న ప్రశ్నకు జవాబు చరిత్రలో ఉంది. లినక్స్ కెర్నల్‌లో డ్రైవర్ల మూలం, అంటే మనుషులు చదవగలిగేలా రాసిన ప్రోగ్రామ్ పాఠం, అందరికీ అందుబాటులో ఉంటుంది. ఫర్మ్‌వేర్ విషయంలో మాత్రం చిప్పు కంపెనీలు చాలావరకు యంత్ర సంకేతాన్నే ఇస్తాయి, మూలాన్ని ఇవ్వవు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నియమాన్ని గట్టిగా పాటించే డెబియన్, ఆ కారణంగానే చాలాకాలం తన అధికారిక ఇన్‌స్టాలర్‌లో ఇలాంటి ఫర్మ్‌వేర్‌ను పెట్టలేదు. 2022లో డెబియన్ సభ్యులు ఓటు వేసి ఆ పద్ధతిని మార్చుకున్నారు. 2023 జూన్‌లో విడుదలైన డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలర్‌లోనే ఫర్మ్‌వేర్ ఉంటోంది. కనుక మీ దగ్గర అంతకన్నా పాత డెబియన్ డిస్కు ఉంటే, దానితో కుస్తీ పట్టకుండా కొత్తది దించుకోవడమే తెలివైన పని. పాతదాని నుంచి 12కు అప్‌గ్రేడ్ అయినవారు, ప్యాకేజీలను ఎక్కడి నుంచి దించుకోవాలో చెప్పే జాబితాలో ‘నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్’ అన్న విభాగం పేరు చేరిందో లేదో చూసుకోవాలి. తర్వాత ‘సుడో ఎ.పి.టి ఇన్‌స్టాల్’ అని, ఇంటెల్ కార్డుకు ‘ఫర్మ్‌వేర్-ఐ.డబ్ల్యు.ఎల్.వైఫై’, రియల్‌టెక్‌కు ‘ఫర్మ్‌వేర్-రియల్‌టెక్’, అథెరోస్‌కు ‘ఫర్మ్‌వేర్-అథెరోస్’ అన్న ప్యాకేజీ పేరు చేర్చండి. ఎక్కాక రీస్టార్ట్ చేయండి. ఉబుంటు, మింట్‌లలో ఇవి దాదాపు అన్నీ ‘లినక్స్-ఫర్మ్‌వేర్’ అన్న ఒకే ప్యాకేజీలో ముందే ఉంటాయి. అక్కడ ఈ లోపం కనిపిస్తే, సాధారణంగా కార్డు కొత్తది, మీ ఉబుంటు పాతది అని అర్థం.

మూలం తెలియని ప్రోగ్రామ్ తన యంత్రంలో నడవకూడదని కోరుకునే పాఠకులు ఉన్నారు, ఆ కోరిక న్యాయమైనదే. వారికి అథెరోస్ పాత చిప్పులు ఉన్నాయి. ‘ఎ.టి.హెచ్9కె’ డ్రైవర్‌తో నడిచే ఆ కార్డులకు కంప్యూటర్ నుంచి ఫర్మ్‌వేర్ పంపవలసిన అవసరమే లేదు. ఆ డ్రైవర్ 2008లో కెర్నల్‌లోకి వచ్చింది. వేగం నేటి లెక్కలో తక్కువే అయినా, చదువుకు, ఆఫీసు పనికి, వీడియోలు చూడటానికి చాలినంత ఉంటుంది. అదే కుటుంబానికి చెందిన ఎ.ఆర్9271 చిప్పు ఉన్న యూఎస్‌బీ డాంగిల్‌కు ఫర్మ్‌వేర్ కావాలి కానీ, దాని మూలం బహిరంగంగానే ఉంది.

ఐదో పని: డ్రైవర్

డ్రైవర్ సంగతి కంపెనీని బట్టి మారుతుంది. ‘యునేమ్ -ఆర్’ అని టైపు చేసి మీ కెర్నల్ సంఖ్య ముందు తెలుసుకోండి.

ఇంటెల్ కార్డులకు డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంటుంది. ఇబ్బంది వచ్చేది కార్డుకన్నా కెర్నల్ పాతదైనప్పుడే. ఉదాహరణకు ఎ.ఎక్స్210 కార్డుకు కనీసం 5.10 కెర్నల్ కావాలి. మీడియాటెక్ ఎమ్.టి7921కు 5.12 కావాలి. ఈ రెండు కంపెనీల విషయంలో పరిష్కారం ఒక్కటే, కొత్త కెర్నల్. ఉబుంటు 22.04 తొలి విడుదలలో 5.15 కెర్నల్ ఉంది. ‘సుడో ఎ.పి.టి ఇన్‌స్టాల్ లినక్స్-జెనెరిక్-హెచ్.డబ్ల్యు.ఇ-22.04’ అంటే, వ్యవస్థ అదే ఉంటూ కెర్నల్ మాత్రం కొత్తది వస్తుంది. ఇక్కడ 22, 04 మధ్య చుక్కను టైపు చేయాలి. మింట్‌లో అయితే అప్‌డేట్ మేనేజర్‌లోని వ్యూ మెనూలో లినక్స్ కెర్నల్స్ అన్న చోట మౌస్‌తోనే ఎంచుకోవచ్చు.

రియల్‌టెక్ విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో ఈ చిప్పులు విరివిగా ఉంటాయి. చాలాకాలం వీటిలో కొన్నిటికి కెర్నల్‌లో డ్రైవర్ లేక, విడిగా మూలం దించుకుని కంపైల్ చేసుకోవలసి వచ్చేది. ఆ రోజుల్లో రాసిన సూచనలే ఇప్పటికీ వెతికితే ముందు దొరుకుతాయి, కొత్తవారు వాటినే నమ్మి అవస్థ పడతారు. ఆర్.టి.ఎల్8821సి.ఇ చిప్పుకు 5.9 కెర్నల్ నుంచి, ఆర్.టి.ఎల్8852ఎ.ఇ చిప్పుకు 5.16 నుంచి, ఆర్.టి.ఎల్8852బి.ఇ చిప్పుకు 6.2 నుంచి కెర్నల్‌లోనే డ్రైవర్ ఉంది. మీ కెర్నల్ అంతకన్నా కొత్తదైతే బయటి డ్రైవర్ జోలికి పోకండి. ఇదివరకే బయటిది ఎక్కించి ఉంటే తీసేయండి, రెండు డ్రైవర్లు ఒకే కార్డు కోసం పోటీపడితే రెండూ సరిగా నడవవు.

రియల్‌టెక్‌లోనే మరో సంగతి. ఆర్.టి.ఎల్8723బి.ఇ చిప్పు ఉన్న కొన్ని ల్యాప్‌టాప్‌లలో వైఫై వస్తుంది కానీ, రౌటర్ పక్కన కూర్చుంటే తప్ప సిగ్నల్ అందదు. కారణం ఏమిటంటే, కార్డులో రెండు యాంటెనాలకు చోటు ఉన్నా ల్యాప్‌టాప్ తయారీదారు ఒక్క తీగే కలిపి ఉంటారు, డ్రైవర్ తీగ లేని రెండోదాని మీద వినడానికి ప్రయత్నిస్తుంటుంది. ‘సుడో మాడ్‌ప్రోబ్ -ఆర్ ఆర్.టి.ఎల్8723బి.ఇ’ అని డ్రైవర్‌ను తీసేసి, ‘సుడో మాడ్‌ప్రోబ్ ఆర్.టి.ఎల్8723బి.ఇ ఎ.ఎన్.టి_సెల్=2’ అని మళ్లీ ఎక్కించండి. ‘సెల్’ అంటే ఎస్, ఇ, ఎల్. ఫలితం లేకపోతే 2కు బదులు 1 పెట్టి చూడండి. సిగ్నల్ పెరిగితే, ‘ఆప్షన్స్’ అన్న ఇంగ్లీషు మాట తర్వాత అదే మాడ్యూల్ పేరు, అదే ఎంపిక రాసిన చిన్న ఫైలును ‘/ఇ.టి.సి/మాడ్‌ప్రోబ్.డి’ ఫోల్డరులో పెట్టండి. ఈ ఫోల్డరు పేరులో ‘మాడ్‌ప్రోబ్’ తర్వాతి చుక్క నిజమైన చుక్కే. కొత్త ఫైలు పేరు చివర చుక్క, దాని తర్వాత సి, ఓ, ఎన్, ఎఫ్ అన్న నాలుగు అక్షరాలు ఉండాలి. ఇక ప్రతి బూట్‌లోనూ అది అమలవుతుంది.

బ్రాడ్‌కామ్ కార్డులు పాత ఆపిల్ మ్యాక్‌బుక్‌లలోనూ కొన్ని పాత విండోస్ ల్యాప్‌టాప్‌లలోనూ ఉంటాయి. వీటిలో కొన్నిటికి కంపెనీ ఇచ్చే మూసిన డ్రైవర్ తప్ప దారి లేదు. బి.సి.ఎమ్43142 అలాంటిదే. ఫోన్ టెథరింగ్ ఆన్‌లో ఉంచి, ఉబుంటులో అడిషనల్ డ్రైవర్స్, మింట్‌లో డ్రైవర్ మేనేజర్ తెరవండి. బ్రాడ్‌కామ్ పేరు కనిపిస్తే ఎంచుకుని, అప్లై నొక్కండి. డెబియన్‌లో ‘బ్రాడ్‌కామ్-ఎస్.టి.ఎ-డి.కె.ఎమ్.ఎస్’ ప్యాకేజీ, దానితో పాటు మీ కెర్నల్ హెడర్స్ (ఆ కెర్నల్‌కు తగినట్టు డ్రైవర్ తయారుచేయడానికి కావలసిన ఫైళ్లు) ప్యాకేజీ ఎక్కించాలి. హెడర్స్ లేకపోతే డ్రైవర్ తయారు కాదు.

సెక్యూర్ బూట్ అనే కాపలాదారు

డ్రైవర్ ఎక్కించినట్టే ఉంటుంది, లోపం కనిపించదు, అయినా వైఫై రాదు. బయటి డ్రైవర్ వాడినవారికి ఇలా జరిగితే ముందు చూడవలసింది సెక్యూర్ బూట్. సంతకం లేని మాడ్యూల్‌ను కెర్నల్‌లోకి రానివ్వకపోవడం దాని పని. ‘ఎమ్.ఓ.కె.యుటిల్ --ఎస్.బి-స్టేట్’ అంటే అది ఆన్‌లో ఉందో లేదో తెలుస్తుంది. ఆన్‌లో ఉంటే, ఉబుంటులో డ్రైవర్ ఎక్కించే సమయంలో ఒక కొత్త పాస్‌వర్డు పెట్టమని అడుగుతుంది. ఆ పాస్‌వర్డు గుర్తుంచుకుని రీస్టార్ట్ చేస్తే, వ్యవస్థ మొదలయ్యే ముందు నీలి తెర ఒకటి వస్తుంది. అది కొద్ది సెకన్లే ఉంటుంది కనుక వెంటనే ఏదో ఒక మీట నొక్కండి. ఎన్‌రోల్ ఎమ్.ఓ.కె, కంటిన్యూ, యెస్ అన్నవి వరసగా ఎంచుకుని, ఆ పాస్‌వర్డు ఇచ్చి, రీబూట్ నొక్కండి. ఈ నీలి తెరను వైరస్ అనుకుని భయపడి దాటేసినవారిని చూశాను. దాటేస్తే డ్రైవర్‌కు అనుమతి దొరకదు. బయోస్‌లో సెక్యూర్ బూట్‌ను ఆపేయడం సులువైన దారే కానీ, యంత్రానికి ఉన్న ఒక రక్షణను తీసేయడం అవుతుంది కనుక నా సలహా మొదటి దారే.

ఆరో పని: నెట్‌వర్క్‌కు కలవడం

ఇప్పుడు ‘ఎన్.ఎమ్.సి.ఎల్.ఐ డివైస్’ అని టైపు చేయండి. వైఫై పరికరం డబ్ల్యు, ఎల్ అక్షరాలతో మొదలయ్యే పేరుతో కనిపిస్తుంది. ‘డబ్ల్యు.ఎల్.పి2ఎస్0’ వంటి పేరుకు అర్థం ఉంది: వైర్‌లెస్, పీసీఐ బస్ 2, స్లాట్ 0. దాని ఎదురుగా డిస్‌కనెక్టెడ్ అని ఉంటే అంతా సిద్ధం, నెట్‌వర్క్‌ను ఎంచుకోవడమే మిగిలింది. అనవైలబుల్ అని ఉంటే మళ్లీ తాళం, ఫర్మ్‌వేర్ మెట్లకు వెళ్లండి. అన్‌మేనేజ్డ్ అని ఉంటే నెట్‌వర్క్‌మేనేజర్ ఆ పరికరాన్ని ముట్టుకోవడం లేదు. డెబియన్‌లో ఇలా కనిపిస్తే ‘/ఇ.టి.సి/నెట్‌వర్క్/ఇంటర్‌ఫేసెస్’ ఫైలు తెరిచి, అందులో మీ వైఫై పరికరం పేరు ఉన్న పంక్తుల ముందు హ్యాష్ గుర్తు పెట్టి, రీస్టార్ట్ చేయండి.

తెర మూలన గుర్తు నొక్కి నెట్‌వర్క్ ఎంచుకోవడం అందరికీ తెలిసిందే. తెరలో ఆ సౌకర్యం లేనివారు ‘ఎన్.ఎమ్.సి.ఎల్.ఐ --ఆస్క్ డివైస్ వైఫై కనెక్ట్’ అని, ఒక ఖాళీ వదిలి, నెట్‌వర్క్ పేరు ఉన్నది ఉన్నట్టు టైపు చేయాలి. ఆస్క్ అని పెట్టడం వల్ల పాస్‌వర్డును విడిగా అడుగుతుంది కనుక అది ఆదేశాల చరిత్రలో మిగిలిపోదు.

కళాశాల, విశ్వవిద్యాలయ వైఫై అయితే పాస్‌వర్డుతో పాటు యూజర్ పేరు కూడా అడుగుతుంది. సాధారణంగా అక్కడ పి.ఇ.ఎ.పి పద్ధతి, లోపల ఎమ్.ఎస్.చాప్ వి2 ఎంచుకోవాలి. సర్టిఫికెట్ అక్కరలేదు అన్న గడిని చాలామంది ఆలోచించకుండా టిక్ చేస్తారు. దయచేసి అలా చేయకండి. అదే పేరుతో దొంగ వైఫై పెట్టినవారికి మీ కళాశాల పాస్‌వర్డు చేతికి అందే ప్రమాదం ఉంది. సర్టిఫికెట్ ఫైలును కంప్యూటర్ విభాగంలో అడిగి తెచ్చుకుని జోడించండి.

కలిసినా సరిగా నడవకపోతే

నెట్‌వర్క్ జాబితాలో పక్కింటివన్నీ కనిపించి మీదే కనిపించకపోతే, మీ రౌటర్ 5 గిగాహెర్ట్జ్ మీద మాత్రమే ప్రసారం చేస్తోందేమో, మీ కార్డు 2.4 మాత్రమే అందుకునేదేమో చూడండి. రౌటర్‌లో 2.4ను కూడా ఆన్ చేయడమే దానికి మార్గం. 12, 13 ఛానెళ్ల మీద ఉన్న రౌటర్లు కనిపించకపోవడానికి దేశ నిబంధన కూడా కారణం కావచ్చు. ‘ఐ.డబ్ల్యు రెగ్ గెట్’ అని అడిగినప్పుడు 00 అని వస్తే ఏ దేశమో యంత్రానికి తెలియదు. ‘సుడో ఐ.డబ్ల్యు రెగ్ సెట్’ తర్వాత పెద్ద అక్షరాల్లో ఐ, ఎన్ అని ఇస్తే భారతదేశం అవుతుంది. విదేశాల్లో ఉన్నవారు తమ దేశపు రెండక్షరాల సంకేతం ఇవ్వాలి. ఇది రీస్టార్ట్ వరకే ఉంటుంది. ఇంటెల్ కొత్త కార్డుల్లో దేశం సంగతి ఫర్మ్‌వేరే చూసుకుంటుంది.

పాస్‌వర్డు సరైనదే అయినా మళ్లీ మళ్లీ అడుగుతుంటే, రౌటర్‌లో డబ్ల్యు.పి.ఎ3 మాత్రమే పెట్టి ఉన్నారేమో చూసి, డబ్ల్యు.పి.ఎ2, 3 కలిసిన పద్ధతికి మార్చండి. కలిసి కొద్ది నిమిషాల్లోనే తెగిపోతుంటే బ్యాటరీ ఆదా చేసే అమరికను అనుమానించండి. ‘సుడో ఐ.డబ్ల్యు డెవ్’ తర్వాత మీ పరికరం పేరు, ఆ తర్వాత ‘సెట్ పవర్_సేవ్ ఆఫ్’ అని ఇచ్చి ఒక గంట వాడి చూడండి. నిలకడగా ఉంటే, ‘/ఇ.టి.సి’లోని నెట్‌వర్క్‌మేనేజర్ ఫోల్డరులో పవర్‌సేవ్ పేరుతో ఉన్న ఫైలు తెరిచి, 3 ఉన్నచోట 2 పెట్టండి. 2 అంటే ఆదా వద్దని.

కలిసినట్టు చూపిస్తూ ఏ పేజీ తెరుచుకోకపోతే తేదీ చూడండి. పాత ల్యాప్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీది చిన్న సెల్ అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది, అప్పుడు భద్రత ఉన్న పేజీలన్నీ నిరాకరిస్తాయి. రైల్వే స్టేషన్ల వైఫైలో అయితే ఓటీపీ అడిగే పేజీ ముందు రావాలి. అది తనంతట తాను రాకపోతే, తాళం గుర్తు లేని పాత పద్ధతి చిరునామా ఏదైనా తెరిస్తే దాని స్థానంలో ఓటీపీ పేజీ వస్తుంది.

కార్డు మార్చడం, కెర్నల్ మారడం

ఎంత ప్రయత్నించినా లొంగని కార్డును మార్చేయడం ఓటమి కాదు. అయితే కొనేముందు మూడు జాగ్రత్తలు. పాత ల్యాప్‌టాప్‌లలో మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్, కొత్తవాటిలో ఎమ్.2 సాకెట్లు ఉంటాయి, ఒకదానిది మరొకదానిలో పట్టదు. ఎ.ఎక్స్201, ఎ.ఎక్స్211 వంటి ఇంటెల్ కార్డులు వాటికి తగిన ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న యంత్రాల్లోనే పనిచేస్తాయి. ఎ.ఎక్స్200, ఎ.ఎక్స్210లకు ఆ పట్టింపు లేదు. పాత థింక్‌ప్యాడ్‌లు, హెచ్.పి ల్యాప్‌టాప్‌లలో కొన్నిటి బయోస్, తన జాబితాలో లేని కార్డు పెడితే బూట్ కావడానికే ఒప్పుకోదు. అలాంటి యంత్రానికి యూఎస్‌బీ డాంగిలే మేలు. మీడియాటెక్ ఎమ్.టి7601యు, ఎమ్.టి7612యు చిప్పులున్నవాటికి డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంది. ప్యాకెట్ మీద చిప్పు పేరు రాసి ఉండదు కనుక, నచ్చకపోతే తిరిగి తీసుకుంటారో లేదో అడిగి కొనండి.

బయటి డ్రైవర్ వాడేవారికి చివరగా ఒక హెచ్చరిక. ఏదో ఒక రోజు మామూలు అప్‌డేట్ తర్వాత వైఫై మాయమవుతుంది. కొత్త కెర్నల్‌కు తగినట్టు డ్రైవర్ మళ్లీ తయారు కాలేదని దానర్థం. కంగారుగా మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయకండి. రీస్టార్ట్ చేసి, ఏ వ్యవస్థతో బూట్ చేయాలో అడిగే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ ఎంచుకుని, పాత కెర్నల్‌తో బూట్ చేస్తే వైఫై తిరిగి వస్తుంది. ఆ వైఫైతోనే కొత్త కెర్నల్ హెడర్స్ ఎక్కించి, ‘డి.కె.ఎమ్.ఎస్ స్టేటస్’ అని అడగండి. కొత్త కెర్నల్ సంఖ్య ఎదురుగా ఇన్‌స్టాల్డ్ అని కనిపించాకే దానిలోకి మారండి.